మిగులు – తొమ్మిదో భాగం: ఒంటరివాడికి సాక్షి ఎవరు?

పోయిన వారం మనం లిఫ్టాయన్ని టాక్స్ ఆఫీసులో ఇనప బెంచీ మీద కూర్చోబెట్టి, చేతిలో టోకెన్ పెట్టి, ఎవరి పనుల మీద వాళ్ళం వెళ్ళిపోయాం. పాపం, ఆయన ఇంకా అక్కడే ఉన్నాడు. ఈలోగా మనం జ్వరాలు తెచ్చుకున్నాం, తగ్గించుకున్నాం, చుట్టాలతో గొడవపడి మళ్ళీ కలిసిపోయాం. ఆయన మాత్రం కదల్లేదు. అలిగాడనుకోవద్దు. నెంబరు రాలేదు, అంతే.

దారినపోతూ ఈ వారమే కథలోకి తొంగిచూసినవాళ్ళ కోసం రెండు ముక్కలు. లిఫ్టాయన లిఫ్టులు బాగుచేస్తాడు. మూడేళ్ళ కిందట ఆయన భార్య వేరే ఊళ్ళో నర్సింగ్ కోర్సులో చేరడానికి ఇల్లు వదిలి వెళ్ళింది. గొడవ లేదు, విడాకులు లేవు. ఉన్నట్టుండి ఇంట్లో ఒక మనిషి తగ్గింది. కోర్సు ఫీజు కట్టినందుకు ఆవిడకి టాక్సులో క్రెడిట్, అంటే కట్టాల్సిన టాక్సులో కోత, వచ్చేది. ఆవిడ సంపాదన చిన్నది, దాని మీద టాక్స్ ఇంకా చిన్నది, క్రెడిట్ మాత్రం పెద్దది. ఆ మిగిలిన క్రెడిట్‌ని 'కలిసి ఉంటున్న' భర్తకి బదిలీ చెయ్యొచ్చని రూలు. ఆవిడ ఏటా ఒక కాగితం మీద సంతకం పెట్టి పోస్టులో పంపేది. అందులో ఉత్తరం ఉండేది కాదు, ఎలా ఉన్నావన్న మాటా ఉండేది కాదు. అయినా ఆ కవరు కోసం చూసినట్టు లిఫ్టాయన జీతం కోసం కూడా ఎప్పుడూ ఎదురుచూడలేదు. ఈ ఏడు కవరు రాలేదు. బదులుగా ఆఫీసు నుంచి పిలుపొచ్చింది.

ఇక ఇవాళ్టి కథ.

ఆ హాల్లో కూర్చున్నవాళ్ళలో కొందరు వచ్చినప్పుడు నున్నగా గీసుకుని వచ్చారు, ఇప్పుడు వాళ్ళ గడ్డాల్లో పిచ్చుకలు సంసారాలు పెట్టాయి. ఫ్యాను ఎంత నెమ్మదిగా తిరుగుతోందంటే, దాని రెక్క మీద కూర్చున్న ఈగకి అది తిరుగుతోందన్న అనుమానమే రాలేదు. లిఫ్టాయన మోకాళ్ళ మీద సంచీ పెట్టుకుని, సంచీ మీద చేతులు పెట్టుకుని, చేతుల మీద చూపు పెట్టుకుని కూర్చున్నాడు. ఆయన పక్కన ఒక చోటు ఖాళీగా ఉంది. హాలంతా కిటకిటలాడుతోంది, ఆ చోటు మాత్రం ఖాళీ. ఎక్కడికెళ్ళినా ఆయన పక్కన ఒక చోటు ఖాళీగానే ఉంటుంది. బస్సులో కూడా అంతే. కావాలనేం కాదు, ఆయనే కొంచెం జరిగి కూర్చుంటాడు. ఎవరో వస్తారన్నట్టు.

నెంబరు పలికింది. మూడో కౌంటరు.

కౌంటరావిడ రిటైర్‌మెంటుకు దగ్గరపడ్డ మనిషి. కళ్ళజోడు ముక్కు కొసకి జారిపోయి, ఇక దూకుదామా వద్దా అన్నట్టు ఊగుతోంది. తలెత్తకుండానే అడిగింది.

"మీరూ, మీ ఆవిడా కలిసే ఉంటున్నారా?"

"ఉంటున్నామండీ."

"ఒకే ఇంట్లో?"

"ఒకే ఇంట్లోనండీ. ఇంకో ఇల్లెక్కడిది మాకు."

"ఇవాళ పొద్దున కూడా ఇంట్లోనే ఉన్నారా ఆవిడ?"

"ఉందండీ. టీ పెట్టింది. చక్కెర తక్కువైందన్నానని తిట్టింది కూడా. నా చొక్కాకి గ్రీజు మరక ఉంటే చూసి, ఈ మనిషికి సబ్బు అన్న వస్తువు లోకంలో ఉందని ఎవరు చెప్తారో అంది. కుండీలో మొక్కకి నీళ్ళు పోసింది. నేను బయల్దేరేటప్పుడు గొడుగు తీసుకెళ్ళమంది. ఎండగా ఉంది కదా అంటే, నీకు వాతావరణం సంగతి ఏం తెలుసు, రోజంతా లిఫ్టు గోతిలో ఉంటావ్ అంది."

లిఫ్టాయన మామూలుగా అబద్ధాలాడే మనిషి కాదు. ఆ మాటకొస్తే మాటలే ఆడడు. కానీ ఈ ఒక్క అబద్ధాన్ని మాత్రం మూడేళ్ళుగా పాలుపోసి పెంచాడు. దానికి ఈపాటికి పళ్ళొచ్చాయి, నడకొచ్చింది, ఇంకో ఏడాది ఆగితే బళ్ళో కూడా వెయ్యొచ్చు.

కౌంటరావిడ కళ్ళజోడు పైకి తోసి, మొదటిసారి ఆయన మొహం చూసింది.

"గొడుగు తీసుకెళ్ళమన్నారా?"

"అన్నదండీ."

"మంచిది. పోయిన వారం మీ ఆవిడ ఇక్కడికొచ్చారు. సరిగ్గా మీరు నిలబడ్డచోటే నిలబడ్డారు. మూడేళ్ళుగా మేం కలిసి లేమండీ, తప్పు రాశాం, దిద్దుకుంటాం అని చెప్పి, రాసిచ్చి వెళ్ళారు."

లిఫ్టాయన నోరు మూసుకోలేదు, తెరవనూలేదు. రెండు అంతస్తుల మధ్య ఆగిపోయిన లిఫ్టులా సగంలో ఉండిపోయింది.

"ఆవిడకి ఆస్పత్రిలో ఉద్యోగం వచ్చిందిట," కౌంటరావిడ గొంతు తగ్గించింది. "ఉద్యోగంలో చేరేముందు అన్నీ సరిచేసుకుందామని వచ్చారు. మీ గురించి ఒక్కటే అడిగారు, ఆయనకి జరిమానా పడుతుందా అని."

"మీరేం చెప్పారండీ?"

"వాళ్ళంతట వాళ్ళొచ్చి దిద్దుకుంటే పడదన్నాను. అందుకే మీకు కబురుపెట్టాను. గడువు ఇవాళ్టితో ఆఖరు. ఇప్పుడు మళ్ళీ అడుగుతున్నాను. చక్కెర, మొక్క, గొడుగు అన్నీ పక్కన పెట్టండి. కలిసి ఉంటున్నారా?"

వెనకాల క్యూలో చేతికర్ర పెద్దాయన ఒకడు ఉన్నాడు. ఆయన టోకెన్ రాకపోయినా నిలబడ్డాడు, కూర్చుంటే మాటలు సరిగ్గా వినపడటంలేదని. "చెప్పవయ్యా, ఉన్నమాట చెప్తే తలకాయేం తెగిపోదు," అన్నాడు ఉత్సాహంగా.

లిఫ్టాయన సంచీ పట్టీని రెండు చేతులా పిండాడు. పన్నెండు అంతస్తుల ఎత్తున, కాలికింద చెక్క ముక్క తప్ప ఏమీ లేనిచోట ఆయన దేన్నీ పట్టుకోకుండా నిలబడతాడు. ఇప్పుడు ఒట్టి నేల మీద నిలబడి ఆ పట్టీని వదల్లేకపోతున్నాడు.

"లేదండీ," అన్నాడు.

"ఏమిటి లేదు?"

"కలిసి… లేమండీ."

అంతే. పిడుగు పడలేదు, హాలు కూలలేదు. కౌంటరావిడ ఒక చోట టిక్కు తీసేసి ఇంకో చోట టిక్కు పెట్టింది. మూడేళ్ళు మోసిన బరువు దించితే తేలికపడతాడని మీరూ నేనూ అనుకుంటాం. ఆయనకి మాత్రం చేతిలో ఉన్న ఒక్క వస్తువూ ఎవరో అడిగి తీసుకున్నట్టనిపించింది.

"ఎప్పటినుంచి?"

ఆ రోజు ఎందుకు గుర్తుండదు? తాముంటున్న బిల్డింగులోనే లిఫ్టు చెడిపోయింది. ఆయన ఆ గోతిలో, కేబుల్ పక్కన, టార్చి నోట్లో పెట్టుకుని పనిచేస్తున్నాడు. పైన తమ అంతస్తులో తలుపు తీసిన చప్పుడు. లిఫ్టు బటన్ నొక్కిన చప్పుడు. మళ్ళీ నొక్కింది. కాసేపు ఆగి మళ్ళీ. తర్వాత మెట్ల మీద చెప్పుల చప్పుడు, ఒక్కో మెట్టుకీ తగులుతున్న పెట్టె చప్పుడు. గోడకి అవతల ఆవిడ దిగిపోతోంది, గోడకి ఇవతల ఆయన టార్చి నోట్లో పెట్టుకుని వింటున్నాడు. పిలుద్దామంటే నోట్లో టార్చి. తీసి పిలవచ్చు. తీసేలోగా చప్పుడు వీధిలోకి వెళ్ళిపోయింది. ఆ రోజు ఆయన లిఫ్టుని ఎంత బాగా చేశాడంటే, ఈ మూడేళ్ళలో అది ఒక్కసారి కూడా చెడిపోలేదు.

ఆయన తేదీ చెప్పాడు. కౌంటరావిడ రాసుకుంది. ఆవిడ చెప్పిన తేదీ, ఈయన చెప్పిన తేదీ ఒకటే అయ్యాయి. ఇన్నేళ్ళ సంసారంలో ఇద్దరూ ఒక్క మాట మీద నిలబడ్డ సందర్భాల్లో అదొకటి.

"ఇప్పుడు వినండి. ఆవిడ మిగులు మీ ఖాతాలో మూడేళ్ళు వాడుకున్నారు. అది మీకు చెల్లదు. వెనక్కి కట్టాలి. మీ జీతం లెక్కన చూస్తే రెండు నెలల జీతమంత."

"మరి ఆ మిగులు ఆవిడకిచ్చేస్తారాండీ?" అని అడిగాడు లిఫ్టాయన. తన సంగతి తర్వాత.

"ఇవ్వం. అది ఆ జాతి క్రెడిట్ కాదు."

"క్రెడిట్లలో జాతులేమిటండీ?"

కౌంటరావిడకి ఈ ప్రశ్న రోజుకు వందమంది వేస్తారు. వందమందికీ చెప్పి చెప్పి ఆవిడ నాలుక మీద ఆ పేరా అచ్చుపడిపోయింది. కానీ ఈయన రికార్డులో వృత్తి దగ్గర రాసింది చూసి, ఆగింది.

"లిఫ్టులు కదా మీ పని. ఐతే ఇలా చూడండి. మీరు కట్టాల్సిన టాక్స్ తొమ్మిదో అంతస్తులో ఉందనుకోండి. క్రెడిట్ దాన్ని కిందికి దింపుతుంది. ఎనిమిది, ఏడు, ఆరు… సున్నా దాకా. సున్నా అంటే గ్రౌండ్ ఫ్లోరు. ఒక జాతి క్రెడిట్ గ్రౌండ్ ఫ్లోర్లో ఆగిపోతుంది. తలుపు తెరుచుకుంటుంది, దిగి ఇంటికి పొమ్మంటుంది. లోపల ఇంకా ఎంత మిగిలినా మీకు డబ్బుగా రాదు. మీ ఆవిడ ఫీజు క్రెడిట్ అలాంటిది. ఆవిడది మొదటి అంతస్తే, ఒక్క అంతస్తు దిగగానే అయిపోయింది. మిగిలింది పక్కనున్న మొగుడికి ఇవ్వచ్చు. పక్కన మొగుడు లేకపోతే గాల్లో కలిసిపోతుంది."

"గాల్లోనా?"

"గాల్లో."

"అంత ఫీజు కట్టిందండీ."

"కట్టారు. రూలు నేను రాయలేదు."

లిఫ్టాయన ఆ గాలి ఎక్కడుందో వెతికినట్టు పైకి చూశాడు. ఫ్యాను మీద ఈగ కూడా ఆయన్ని చూసింది.

"రెండో జాతి ఉంది," అంది కౌంటరావిడ. "అది గ్రౌండ్ ఫ్లోర్లో ఆగదు. ఇంకా కిందికి పోతుంది. సెల్లార్లోకి. సున్నా కింద ఎంత లోతుకి పోతే అంత సర్కారే మీకు బాకీ. చేతికిస్తుంది. మీరిప్పుడు విడిగా ఉంటున్నట్టు రాశాను కదా, దాంతో అలాంటిది ఒకటి మీకొస్తుంది. మూడేళ్ళకీ కలిపి. మీరు కట్టాల్సిందంతా అందులో మునిగిపోయి, పైగా కొంత మిగులుతుంది కూడా."

"ఏం క్రెడిట్ అండీ అది?"

కౌంటరావిడ గొంతు సవరించుకుంది. ఎంత ఆఫీసైనా ఆ పేరు మొహం మీద చెప్పడానికి ఆవిడకి మొహమాటమేసింది.

"ఒంటరి నివాస క్రెడిట్."

చేతికర్ర పెద్దాయన చప్పట్లొక్కటే కొట్టలేదు. "అదృష్టవంతుడివయ్యా! నేను నలభై ఏళ్ళు మా ఆవిడతో ఉన్నాను, ఒక్కరూ రూపాయి ఇచ్చిన పాపాన పోలేదు!"

లిఫ్టాయన నవ్వలేదు. పెళ్ళాం పక్కన లేనందుకు ఆవిడ మిగులు గాల్లో కలిసిపోతుంది. పెళ్ళాం పక్కన లేనందుకు ఈయనకి సర్కారు చేతికి డబ్బిస్తుంది. ఆదివారం సాయంత్రాలకి, ఒకరికే ఉడికించుకున్న అన్నానికి, గోడవైపు తిరిగి పడుకున్న పడకకి ఎవరో ధర కట్టి, మిగులుతో సహా చెల్లిస్తామంటున్నారు.

"ఐతే ఒక చిక్కుంది," అంది కౌంటరావిడ. చావు కబురు చల్లగా చెప్పడంలో ఆవిడది ముప్పయ్యేళ్ళ సర్వీసు. "ఇది దొంగలు బాగా వాడుకునే క్రెడిట్. ఇంట్లో అరడజను మందిని పెట్టుకుని ఒంటరినని రాస్తారు. అందుకని సాక్షి కావాలి. చుట్టం కాకూడదు. ఆ ఇంటి దగ్గరుండే మనిషి ఒకరు, ఈయన ఇవాళ్టి దాకా ఆ ఇంట్లో ఒక్కడే ఉంటున్నాడు అని చెప్పాలి. ఫోన్లో చెప్పినా చాలు, నేను రాసుకుంటాను."

"నేను చెప్తానమ్మా," అన్నాడు పెద్దాయన కర్ర ఎత్తి. "మనిషిని చూస్తే తెలీడంలా?"

"మొహం చెల్లదండీ. చిరునామా కావాలి. మీరు కూర్చోండి."

"ఎవరో ఒకర్ని పిలవండి," అంది లిఫ్టాయనతో. "మీరు ఒంటరివాళ్ళని తెలిసినవాళ్ళు ఒక్కరున్నా చాలు."

ఒక్కరు!

ఆ ఒక్కరు లేకనే కదా ఇదంతా. ఒంటరినని చెప్పుకునేంత దగ్గరివాళ్ళు ఒకరుంటే, ఆ మనిషి ఒంటరివాడెందుకవుతాడు? పైగా ఈయనగారు మూడేళ్ళుగా బిల్డింగు బిల్డింగంతటికీ భార్య ఇంట్లోనే ఉందని చాటింపు వేశాడు. వాచ్‌మన్‌ని అడిగితే, అమ్మగారికి సిగ్గెక్కువ, బయటికి రారు అని ప్రమాణం చేస్తాడు. పక్క పోర్షన్ దర్జీని అడిగితే, ఆవిడది నైటు డ్యూటీ, పగలు నిద్రపోతుంది, అందుకే నేను మిషను మెల్లగా తొక్కుతాను అంటాడు. పాపం ఆ దర్జీ మెల్లగా తొక్కి తొక్కి, పోయినేడు పెళ్ళికి ఇవ్వాల్సిన జాకెట్టు బారసాలకి ఇచ్చాడు.

రోజూ పొద్దున గడప దాటుతూ లిఫ్టాయన ఖాళీ గదిలోకి తిరిగి, "తలుపేసుకో, వెళ్ళొస్తా," అని గట్టిగా అంటాడు. బయటినుంచి తాళం తనే వేసుకుంటాడు, చప్పుడు కాకుండా.

ఒకసారి ఆ నాటకం మరీ ముదిరింది. ఒక వానాకాలం సాయంత్రం ఆయనకి ఎందుకో ఉండబట్టలేక, లేని భార్యతో గొడవపడ్డాడు. "నువ్వు నాకొక్క మాట చెప్పి వెళ్ళుంటే ఏం పోయేది?" అని గోడలదిరేలా అరిచాడు. భార్య వెళ్ళిన వెంటనే కింది పోర్షన్లో దిగిన పిన్నిగారు ఒళ్ళు సహకరించకపోయినా మెట్లెక్కి వచ్చేసింది. ఏదీ అమ్మాయి అంది. ఏం చెప్పాలో తోచక, "అలిగి బాత్రూంలో కూర్చుంది పిన్నిగారూ," అన్నాడు. పిన్నిగారు బాత్రూం తలుపు ముందు స్టూలేసుకుని కూర్చుని, అరగంట సేపు తలుపుకి బుద్ధులు చెప్పింది. మగాళ్ళకి మాటలు రావమ్మా, రాకపోయినంత మాత్రాన లోపల లేవనుకోకు అంది. నువ్వూ ఒకసారి అడిగి చూడాల్సింది అంది. తలుపు ఏమీ అనలేదు. పిన్నిగారు దాన్ని ఒకసారి నిమిరి, దిగి వెళ్ళిపోయింది.

ఇప్పుడు సాక్ష్యానికి ఆ పిన్నిగారే దిక్కు. పిలుపుకే పిన్ని, చుట్టం కాదు. బాత్రూం తలుపుకి బుద్ధులు చెప్పిన మనిషికే, ఆ తలుపు వెనకాల ఎవరూ లేరని చెప్పాలి.

రెండు నెలల జీతం పోతే పోయింది, చెప్పను అనుకున్నాడు ఒక క్షణం. అలా అనుకుంటే ఇంటికెళ్ళి రేపు పొద్దున మళ్ళీ "తలుపేసుకో, వెళ్ళొస్తా," అనచ్చు. ఆ మాట అనడానికి రెండు నెలల జీతం మరీ ఎక్కువేం కాదనిపించింది. ఎల్లుండీ అనచ్చు. ముసలాడయ్యేదాకా అనచ్చు. ఒకరోజు అనలేకపోతే మాత్రం, అనలేకపోయాడని కూడా ఎవరికీ తెలీదు.

ఆయన చెయ్యి సంచీలోకి వెళ్ళింది.

"గడువు ఇవాళ్టితో ఆఖరన్నాను," గుర్తుచేసింది కౌంటరావిడ.

లిఫ్టాయన ఫోను తీశాడు. అటు నుంచి పిన్నిగారి గొంతు, ఆవిడ లేవకముందే లేచి వచ్చింది.

"చెప్పు నాయనా!"

"పిన్నిగారూ, మీకొక సంగతి చెప్పాలి. ముందు మీరు కూర్చోండి."

"కూర్చునే ఉన్నాను. ఈ మోకాళ్ళతో నేను నిలబడి ఎన్నాళ్ళయింది! చెప్పు."

"మా ఆవిడ…" కౌంటరు వైపు వీపు తిప్పాడు. "మా ఆవిడ ఇంట్లో లేదు పిన్నిగారూ. ఇవాళ కాదు. మూడేళ్ళ నుంచి లేదు. నైటు డ్యూటీ లేదు, సిగ్గూ లేదు. బాత్రూంలో కూడా… ఆ రోజు ఎవరూ లేరు. నేను ఒక్కణ్ణే ఉంటున్నాను."

పెద్దాయన కర్ర కింద పెట్టాడు, చప్పుడు కాకుండా.

"తెలుసు నాయనా," అంది పిన్నిగారు.

"తెలుసా?"

"ఒక మనిషి తిరిగే ఇంటికీ, ఇద్దరు తిరిగే ఇంటికీ కింద ఉన్నవాళ్ళకి తేడా తెలీదుటరా? నా నెత్తిమీదే కదా నడుస్తావు. వంటింట్లోకి వెళ్తే నువ్వే, కిటికీ దగ్గరికొస్తే నువ్వే."

"మరి… ఆ తలుపుకి అంతసేపు చెప్పారు కదా?"

"తలుపుకి ఎవరు చెప్పారు? పక్కన నుంచున్నావుగా, నీకు చెప్పాను. నీ మొహాన చెప్తే వినేవాడివా?"

లిఫ్టాయన కౌంటరు అంచు పట్టుకున్నాడు. మూడేళ్ళు ఆయన ఒంటరిగా ఉన్నాడు. మూడేళ్ళూ కింద ఒకావిడ పైకి చెవి పెట్టి ఆయన నడక వింటూ ఉంది. ఇది తెలిసి నవ్వాలో ఏడవాలో ఆయనకి పాలుపోలేదు. కళ్ళు మాత్రం ఆయన్ని అడక్కుండా తమ నిర్ణయం తాము తీసుకున్నాయి.

"పిన్నిగారూ, ఒక సాయం చెయ్యాలి. ఇక్కడ ఆఫీసులో ఒకావిడకి ఫోనిస్తాను. నేను ఇవాళ్టి దాకా ఆ ఇంట్లో ఒక్కణ్ణే ఉంటున్నానని చెప్తే చాలు. నిజమే కదా."

అటు నుంచి కుర్చీ జరిపిన చప్పుడు వచ్చింది.

"పిన్నిగారూ?"

"నిన్నటి దాకా అయితే ప్రమాణం చేసి చెప్తాను నాయనా."

"నిన్నటి దాకా ఏమిటి?"

"నువ్వటు వెళ్ళావు, ఇటు ఒకావిడ పెట్టెతో మెట్లెక్కి వచ్చింది. లిఫ్టు పనిచేస్తోందమ్మా, అంటే, పర్లేదండీ మెట్ల మీదే వెళ్తాను అంది. ఎవరమ్మా అంటే నీ పెళ్ళాన్నంది. బాత్రూం ఆవిడవు నువ్వేనా అని అడగబోయి నాలిక్కరుచుకున్నాను. నా దగ్గర నీ రెండో తాళంచెవి ఉందిగా, ఇచ్చాను. ఇదిగో ఇప్పుడు నా నెత్తిమీద నడుస్తోంది. వంటింట్లోకి వెళ్ళింది. కిటికీ దగ్గరికొచ్చింది." పిన్నిగారు ఊపిరి తీసుకుంది. "ఉండటానికొచ్చిందో, ఉన్నవి తీసుకుపోడానికొచ్చిందో నాకు చెప్పలేదు. నువ్వు చెప్పు, ఇప్పుడు నన్నేమని సాక్ష్యం చెప్పమంటావు?"

కౌంటరావిడ పెన్ను కాగితానికి ఆనించి, కళ్ళజోడు పైకి తోసింది.

"ఏమంటున్నారండీ ఆవిడ? ఒంటరేనా, కాదా?"